హెడ్డాఫీసు పలకడం లేదు

మట్టెవాడ, వరంగల్
మార్చి 8, 2026

మా ఇంట్లో పుట్టి, మైంజ్‌లో మకాం పెట్టి, ఇప్పుడు జర్మనీ దేశంలో సొంతిల్లు కూడా కొనేసిన మా ఆడబిడ్డ పద్మలతకు,

నీ వదిన ఇందిరమ్మ ఇక్కడ క్షేమం. మీ అన్న క్షేమం. కొట్లో జంపఖానాలు మరీ క్షేమం, ముట్టుకునేవాళ్లు లేరు కనుక.

గృహప్రవేశం మాట మొన్న ఫోన్లో చెప్పావు. ఆ ఫోన్లో నువ్వు ఒక మాటంటే మీ అన్న పక్క నుంచి నాలుగంటాడు. నా వంతు వచ్చేసరికి "సరే మరి, ఉంటా" ఒక్కటే మిగులుతుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కోడలు రాజశ్రీ దీన్ని ఫోటో తీసి నీకు పంపుతుంది. పంపేముందు చదువుతుందా అని నీకు అనుమానం రావచ్చు. చదువుతుంది. అందుకని ముందే రాస్తున్నాను, మా రాజశ్రీ లాంటి కోడలు వరంగల్ మొత్తంలో లేదు.

ఇక సంగతి. అధిక జ్యేష్ఠం వెళ్లాక జూన్ నెలాఖరులో ముహూర్తం అన్నావు, మంచిది. ఆరుగురం వస్తాం. మీ అన్న, నేను, మా అబ్బాయి మహిపాల్, రాజశ్రీ, రాజశ్రీ వాళ్లమ్మ అంటే మా వియ్యపురాలు సమ్మమ్మ, పరకాల నుంచి మీ చిన్నబాపు సమ్మయ్య. పుట్టింటివాళ్లు రాకుండా, ఒడిబియ్యం పోయకుండా ఆడపిల్ల కొత్తింట్లో కాలు పెట్టడమేమిటి? అత్తమ్మ పోయినప్పటి నుంచి నీ ఒడి నింపే పని నాది. అది నేను ఇంకెవరికీ ఇవ్వను.

కానీ ఒక షరతు. నా చేతిలో వాకీటాకీ సెట్టు ఉంటేనే విమానం ఎక్కుతాను.

నవ్వకు. మొన్న జనవరిలో మేడారం జాతరకు వెళ్లాం కదా. అక్కడ ఫోన్లు ఎప్పుడు పని చేశాయి గనక! మహిపాల్ ఆన్‌లైన్‌లో ఆరు సెట్లు తెప్పించాడు. నల్లగా, మూరెడు యాంటెనాతో, అచ్చం పోలీసుల చేతుల్లో ఉండేవాటిలాగే. అది పట్టుకుని నడుస్తుంటే జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఒకామె నా దగ్గరికి వచ్చి, మొక్కు కోడి తాడు తెంపుకుని పారిపోయిందని ఫిర్యాదు చేసింది. కోడి రంగు అడిగి, చూస్తామని చెప్పి పంపాను.

ఒక్కటే చిక్కు వచ్చింది. మీ చిన్నబాపు కనబడక మీ అన్న కంగారులో వరస మరిచి సెట్టులో "సమ్మయ్యా, ఏడున్నవ్?" అని అరిచాడు. ముగ్గురు పలికారు. ఒకడు "జంపన్న వాగుల తానం చేస్తాన" అన్నాడు. ఇంకొకడు "గద్దెల కాడ లైన్ల ఉన్న" అన్నాడు. మూడోవాడు "ఎవల్రా నువ్వు, పెద్దమనిషిని పట్టుకొని పేరు పెట్టి పిలుస్తానవ్?" అని కోపం చేశాడు. ముగ్గురిలో ఎవరూ మన సమ్మయ్య కాదు. మన సమ్మయ్య సెట్టు ఆన్ చేయడం మర్చిపోయి మీ అన్న వెనకాలే నిలబడి ఉన్నాడు. సమ్మక్క మొక్కుతో పుట్టిన పిల్లలందరూ సమ్మయ్యలైన ఊళ్లలో ఇంకేమవుతుంది?

అయినా సరే, ఆ సెట్టు చేతిలో ఉంటే నాకు ఏనుగంత ధైర్యం. మీ ఊరికి అవే తెస్తున్నాను. నీకూ ఒకటి కొనమంటావా?

నీ వదిన,
ఇందిరమ్మ


మైంజ్
మార్చి 12, 2026

వదినకు,

నీ ఉత్తరం చదివి మా ఆయన ఉమాకాంత్ సోఫా మీద నుంచి జారి కింద కూర్చుని నవ్వాడు. నవ్వడం అయిపోయాక ఆ సెట్ల ఫోటో చూపించాను. నవ్వు ఆగిపోయింది.

వదినా, ఆ సెట్లు పట్టుకుని ఇక్కడికి రావద్దు. అవి పెద్ద పవరున్న సెట్లు. యాంటెనా మార్చుకోవచ్చు, ఏ లైన్లోకైనా వెళ్లవచ్చు. అంటే అంబులెన్సువాళ్లు, రైలువాళ్లు మాట్లాడుకునే చోటికి కూడా మా అన్న "సమ్మయ్యా" అంటూ వెళ్లిపోగలడు. పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవాళ్లే అలాంటివి వాడాలి. లేకుండా వాడితే ఇక్కడ జరిమానా వేస్తారు, సెట్లు పట్టుకుపోతారు. ఇంకో మాట చెబితే కోపం తెచ్చుకోకు. మన దగ్గర కూడా అవి లైసెన్సు లేకుండా వాడకూడదు. మేడారంలో మీరు చేసింది కూడా తప్పే. ఆ కోడి ఫిర్యాదు సంగతి మాత్రం ఏ చట్టం కిందికి వస్తుందో ఉమాకాంత్‌కు తెలియలేదు.

పైగా మీ టికెట్లు గల్ఫ్‌లో విమానం మారేవి అని మహిపాల్ చెప్పాడు. అక్కడ కొన్ని దేశాల్లో అనుమతి కాగితం లేకుండా ఇలాంటివి సంచిలో ఉన్నా ఆపుతారట. నువ్వు ఏ ఎయిర్‌పోర్టులోనో కూర్చుని ఉంటే ఇక్కడ నా ఒడి ఎవరు నింపుతారు?

నువ్వేమీ ఫికర్ చేయకు. ఫోన్లున్నాయి, సిమ్ములు నేను కొనిపెడతాను. నేనే ఎయిర్‌పోర్టుకు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను.

రాజశ్రీకి నా ముద్దులు (చదువుతుంది కదా).

నీ పద్మ


మట్టెవాడ
మార్చి 15, 2026

పద్మలతకు,

నీ ఉత్తరాన్ని రాజశ్రీ ప్రింటు తీయించి తెచ్చింది. మీ అన్న కొట్లో అందరి ముందూ, నా కళ్లద్దాలు పెట్టుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "రావద్దు" అనే మాట దాకా వచ్చేసరికి పరకాల నుంచి పెళ్లివాళ్లు జంపఖానాలకు వచ్చారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాతో "మా చెల్లె రావద్దంటాంది" అని ఒక్క ముక్క చెప్పి బేరంలో పడ్డాడు.

సాయంత్రం దాకా నేను ఏం వండానో నాకే తెలియదు. మీ అన్న తిన్నాడు గాని ఏమనలేదు, ఆయనకు జేబులో బేరం డబ్బులుంటే ఉప్పు కారం తెలియదు. ఇందిరమ్మ సెట్టు పట్టుకుని వస్తే ఆ దేశంలో నీకు తలవంపు అని నేను అనుకున్నాను. తర్వాత మిగతాది చదివాను. తలవంపు కాదు, చట్టం అని తెలిసింది. కానీ సాయంత్రం దాకా పడిన బాధ పడనే పడ్డాను, అది వెనక్కి రాదు.

మీ అందరికీ నేనంటే ఒక కథ ఉంది. నాలుగేళ్ల కింద మేడారంలో ఇందిరమ్మ తప్పిపోయిందని. మీ అన్న ప్రతి పెళ్లిలో చెబుతాడు, "మేడారంల బెల్లాన్నే బంగారమంటరు కదా, నేను నా బంగారాన్ని అమ్మవార్లకు ఇచ్చి వచ్చిన, వాళ్లు మాకొద్దని వాపస్ పంపిన్రు" అని. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వుతాను.

నేను తప్పిపోలేదు పద్మా. నన్ను మర్చిపోయారు. రెండు జీపుల్లో వెళ్లాం. ముందు జీపువాళ్లు నేను వెనక జీపులో ఉన్నాననుకున్నారు, వెనకవాళ్లు ముందు దాంట్లో అనుకున్నారు. సగం దారి వచ్చి హోటల్ దగ్గర టీ తాగుతుంటే ఒక టీ మిగిలింది. అప్పుడు తెలిసింది. అక్కడ నేను తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో పిలిచే పందిరి కింద కూర్చుని ఉన్నాను. ఎందరెందరి పేర్లో పిలిచారు. నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవులు రిక్కించి కూర్చున్నాను. పిలవలేదు. పిలవమని అడిగేవాళ్లు ఉంటే కదా పిలవడానికి?

దారి తప్పితే నాకు భయం లేదు. నోరుంది, అడుగుతాను. లేనని ఎవరికీ తెలియకపోతేనే భయం. ఆ తర్వాత మొన్నటి దాకా జాతరకు వెళ్లలేదు. మట్టెవాడ దాటి హన్మకొండ పోవాలన్నా రాజశ్రీ కొంగు పట్టుకునే పోతున్నాను. సెట్టు చేతికి వచ్చాక మళ్లీ మనిషినయ్యాను. అది ఒక్కసారి కిర్రుమన్నా చాలు, ఎవరో ఉన్నారనిపిస్తుంది.

ఫోను వేరు. ఫోను నేను చేయాలి, వాళ్లు ఎత్తాలి. మీ అన్న ఎత్తడు, నీకు తెలుసు.

కనుక సెట్టు లేకపోతే నేను రాను. మీ అన్న వస్తాడు. ఒడిబియ్యం సమ్మమ్మ చేత పోయించుకో. ఆమె హస్తవాసి మంచిదే, కాకపోతే పసుపు తక్కువ కలుపుతుంది.

ఇందిరమ్మ


మైంజ్
మార్చి 17, 2026

మా వదినకు, ఒక్కగానొక్క వదినకు,

సమ్మమ్మగారి పసుపు నాకు వద్దు. నీ ఉత్తరం బస్సులో చదివి ఏడ్చాను. పక్కనున్న ముసలామె నాకు పిప్పరమెంటు ఇచ్చింది.

ఆ టీ సంగతి నాకెవరూ చెప్పలేదు. బంగారం జోకు ఒక్కటే చెప్పారు. నేను కూడా నవ్వాను, ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు నా మాట విను. ఉమాకాంత్, నేను కూర్చుని రూల్సన్నీ చదివాం. నీ సెట్టుకు దారి ఉంది. నాలుగు వందల నలభై ఆరు మెగాహెర్ట్జ్ అని ఒక లైను. దాన్ని మన మట్టెవాడ గల్లీ అనుకో. ఆ గల్లీలో నడవడానికి ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. రెండే షరతులు. సెట్టు పవరు అర వాటు దాటకూడదు, యాంటెనా ఊడి రాకూడదు. మన ఇండియాలో కూడా ఆ గల్లీకి లైసెన్సు తీసేశారు. అయితే సెట్టుకు సర్కారు ఆమోదం ఉండాలి, అది చూసి కొనమని మహిపాల్‌కు చెప్పు. అమెరికాకు వెళ్తే మళ్లీ లెక్క వేరు, వాళ్ల గల్లీ వేరే ఉంది. ఏ దేశానికి ఆ దేశం. మీరు అమెరికా వెళ్లడం లేదు కనుక ఆ బాధ లేదు.

గల్ఫ్ టికెట్లు మార్పించు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం ఉంది. ఎక్కితే ఇక్కడే దిగుతారు, మధ్యలో ఎవరూ అడగరు.

ఆ పెద్ద సెట్లు ఇక ఆన్ చేయకండి. అమ్మినవాడికి తిప్పి పంపమను.

ఒకటి ముందే చెబుతున్నాను. అర వాటు అంటే చిన్న గొంతు. ఊరి మధ్య ఒక కిలోమీటరు వెళ్తే గొప్ప. గోడలు అడ్డం వస్తే ఇంకా తక్కువ. మేడారంలో విన్నంత దూరం వినబడదు. అందుకని ఎక్కడికీ దూరం పోవద్దు.

వస్తావు కదా? ఒక్క మాట రాయి. ఒక్క మాటే రాయి, నువ్వు పెద్ద ఉత్తరం రాస్తే నాకు భయం వేస్తోంది.

నీ పద్మ


మట్టెవాడ
మార్చి 18, 2026

వస్తా.

ఇందిరమ్మ


మట్టెవాడ
ఏప్రిల్ 20, 2026

పద్మకు,

ఒక్క మాట రాయమంటే రాశాను. నెల రోజులుగా మిగతా మాటలన్నీ కడుపులో తిరుగుతున్నాయి, ఇప్పుడు రాస్తున్నాను.

కొత్త సెట్లు వచ్చాయి. పసుపు రంగువి, అరచేతిలో పట్టేంత. మీ అన్న చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఇవి పోరగాండ్లు ఆడుకునేటియి గదనే, వీటిని పట్టుకుంటే ఎవలు దారి ఇస్తరు?" అన్నాడు. దారి ఎవరూ ఇవ్వనక్కర్లేదు, చట్టం ఇస్తే చాలు అని చెప్పాను. రాజశ్రీ చప్పట్లు కొట్టింది.

పోయిన ఆదివారం అందరం ఖిలా వరంగల్ వెళ్లి పరీక్ష చేశాం. ముందు పేర్లు పెట్టుకున్నాం, ఎందుకంటే సమ్మయ్య, సమ్మమ్మ ఒకే గుంపులో ఉంటే ఎవరిని పిలిస్తే ఎవరు పలుకుతారో తెలియదు. మీ చిన్నబాపు పేరు "పరకాల". సమ్మమ్మ పేరు "పూలకొమ్మ". అది ఆమె తనకు తానే పెట్టుకుంది, మేము కిక్కురుమనలేదు. నాకు మీ అన్న "హెడ్డాఫీసు" అని పెట్టాడు. వెక్కిరింపు అని తెలుసు, అయినా నాకు నచ్చింది. ఆయనకు నేను "బ్రాంచి" అని పెట్టాను. ఆయనకు నచ్చలేదు, అయినా అదే ఖాయం.

మీ అన్నను, సమ్మమ్మను ఒక రాతి తోరణం కింద నిలబెట్టి మేము తలా ఒక దిక్కు వెళ్లాం. ఇక్కడే కొంప మునిగింది. ఆ రోజు కోటలో ఎవరో పెళ్లికి ముందు తీసే ఫోటోలకు వచ్చారు. ఫోటోగ్రాఫర్లు కూడా ఇలాంటి సెట్లే పట్టుకుని, మా లైన్లోనే ఉన్నారు. నేను అటు నుంచి "బ్రాంచి, వినపడుతాందా?" అనేలోపే మీ అన్న చేతిలోని సెట్టు గట్టిగా మాట్లాడింది, "అన్నా, జర ఆమె దగ్గరికి జరుగు. ఇంకా జర. సిగ్గు పడకు. ఇప్పుడు నడుం మీద చెయ్యి పెట్టు."

పక్కన నిలబడింది వియ్యపురాలు!

సమ్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆటో స్టాండు దాకా ఆగకుండా నడిచింది. మీ అన్న సెట్టును నేల మీద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, "నేను కాదు, నేను కాదు" అని తోరణానికి చెబుతూ నిలబడ్డాడు. రెండు రోజులు సమ్మమ్మ జర్మనీకి రానంది. మహిపాల్ ఆ ఫోటోగ్రాఫర్‌ను వెతికి పట్టుకుని ఆమెతో ఫోన్లో మాట్లాడిస్తే గాని శాంతించలేదు. ఇప్పుడు ఆ పిల్లల పెళ్లికి మాకు కూడా పిలుపు వచ్చింది.

నీకూ ఒక పేరు పెట్టాం, నచ్చితే ఉంచుకో, "కొత్తిల్లు".

నీ వదిన,
హెడ్డాఫీసు


మైంజ్
జూన్ 10, 2026

హెడ్డాఫీసుకు కొత్తిల్లు రాయునది,

వియ్యపురాలి ముచ్చట పక్కింటివాళ్లకు జర్మన్‌లో చెప్పబోయాను. సగంలోనే నాకు నవ్వు ఆగక చెప్పలేకపోయాను, వాళ్లకు ఏమీ అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వారు.

ఇంకో రెండు వారాల్లో మీరు ఇక్కడ ఉంటారు. నాకు పని మీద మనసు నిలవడం లేదు. నిన్న దవాఖానలో ఒకాయన రక్తం సీసాకు ఇంకొకాయన పేరు రాయబోయాను. మా పెద్దావిడ చూసి ఇంటికి పంపింది.

సెట్లు, బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెల్లో వద్దు. విమానంలో ఎవరూ ఆన్ చేయవద్దు. ముఖ్యంగా బ్రాంచి. పైలట్‌తో బేరం పెడతాడు. ఎయిర్‌పోర్టులో ఎవరైనా అడిగితే సెట్టు కాగితం చూపించండి, అర వాటు అని అందులో ఉంటుంది.

ఇక్కడ ఆ లైను అందరిదీ. ఇళ్లు కట్టేవాళ్లు, పిల్లలు, గుడారాలు వేసుకునేవాళ్లు అందరూ దానిలోనే ఉంటారు. ఎవరి మాట ఎవరైనా వింటారు. కనుక సెట్టులో చాడీలు వద్దు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. మన ఇంట్లో ఇది ఎలా కుదురుతుందో నాకు తెలియదు.

బియ్యం ఇక్కడే కొన్నాను. పసుపు మాత్రం నీ చేతిదే కావాలి.

రండి. తొందరగా రండి.

నీ పద్మ


మైంజ్
జూలై 9, 2026

వదినా,

మీరు వెళ్లి వారం దాటింది. ఇల్లు బావురుమంటోంది. నా ఒడిలో నువ్వు పోసిన బియ్యం వండుకుని, ఇరుగుపొరుగును పిలిచి పెట్టాను. పసుపన్నం చూసి పెళ్లి అనుకున్నారు.

ఒక సంగతి ఎదురుగా మాట్లాడలేకపోయాను, అందుకే రాస్తున్నాను. ఆ శనివారం సంగతి.

నిన్ను సంతకు తీసుకెళ్లింది నేను. పెద్ద చర్చి ముందు ఆ జనంలో నీ చెయ్యి వదిలింది నేను. జున్ను అంగడి దగ్గర చిన్నబాపు "ఇది పాలకోవా అనుకుంటే గిట్ల కంపు కొడ్తాందేందే" అని గొడవ పెడితే అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి నువ్వు లేవు.

మేము అందరం సెట్లలో పిలిచాం. గంటసేపు పిలిచాం వదినా. "హెడ్డాఫీసు, హెడ్డాఫీసు" అని. పలకలేదు. రాజశ్రీ ఏడుస్తోంది. చిన్నబాపు పూల బుట్టల మధ్య ఒక్కొక్క బుట్ట వెనక వంగి చూశాడు, నువ్వేదో పిల్లిపిల్లవైనట్టు. పక్కన ఇంటికి మరమ్మతు చేస్తున్న ఒకాయన అదే లైన్లో ఉన్నాడు, ఏమైందని అడిగాడు. మా వదిన కనబడడం లేదని చెప్పాను. ఆయన పరంజా మీద నుంచే నలుదిక్కులా చూస్తూ, తన సెట్టులో ఆయన కూడా పిలవడం మొదలుపెట్టాడు.

అన్నను మాత్రం అలా నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. అది నీకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. అందుకని చెప్పడం లేదు.

చివరికి నీ గొంతు వచ్చింది. "హెడ్డాఫీసు మాట్లాడుతాంది. నది ఒడ్డుకు ఐస్‌క్రీం బండి కాడ ఉన్న. రాండ్రి." అంతే. మేము పరుగెత్తుకు వచ్చేసరికి నువ్వు బెంచీ మీద కూర్చుని ఉన్నావు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంటికి వచ్చాక కూడా ఆ రోజంతా నువ్వు మాట్లాడలేదు. నువ్వు! మాట్లాడలేదు!

తప్పు నాదే. చట్టం చట్టం అని పట్టుబట్టి నీ చేతిలో ఆ చిన్న గొంతు సెట్టు పెట్టించాను. చర్చి రాతిగోడలు అడ్డం వచ్చి ఉంటాయని ఉమాకాంత్ అన్నాడు. నీకు మేడారం మళ్లీ చూపించాను. అందుకని నేను నిర్ణయించుకున్నాను, ఇక్కడ రేడియో పరీక్ష రాస్తాను. రాసి, లైసెన్సు తీసుకుని, పద్ధతిగా పెద్ద సెట్టు కొంటాను. పుస్తకం తెప్పించాను. మొదటి పాఠంలోనే లెక్కలున్నాయి, నాకు లెక్కలు రావు, అయినా సరే.

నన్ను క్షమించు వదినా.

పద్మ


మట్టెవాడ
జూలై 13, 2026

పద్మా, పిచ్చిదానా,

ఆ పుస్తకం వెంటనే మూసెయ్యి. పరీక్ష గిరీక్ష ఏమీ రాయకు. అర వాటు సెట్టుకు ఏ జబ్బూ లేదు. చర్చి గోడలకు కూడా ఏ పాపం తెలియదు. ఆ గంటసేపూ నాకు అన్నీ వినబడ్డాయి. పక్కన కూర్చుని మాట్లాడినంత చక్కగా వినబడ్డాయి.

నేనే పలకలేదు.

ఇది మీ అన్నకు చెప్పావంటే మన చుట్టరికం సరి. ఈ ఉత్తరం రాజశ్రీ ఎలాగూ చదువుతుంది, దానిని నేను చూసుకుంటాను.

నిజంగానే దారి తప్పాను. పూలు చూస్తూ చూస్తూ చర్చి చుట్టూ తిరిగి నది దగ్గర తేలాను. ఎటు చూసినా మీరెవరూ లేరు. మేడారం పందిరి గుర్తొచ్చింది. సెట్టు తీసి మాట్లాడబోతున్నాను, ఇంతలో అదే మాట్లాడింది. "హెడ్డాఫీసు ఏది?" అని రాజశ్రీ. నేను మీటకు వేలు ఆనించి కూడా ఆగాను. ఇంకొక్క పిలుపు విని పలుకుదామనుకున్నాను. అది విన్నాక ఇంకొకటి.

ఏం చెప్పమంటావు పద్మా! ఆరుగురు నా కోసం అరుస్తున్నారు. సమ్మమ్మ, ఆ పూలకొమ్మ, "వదినమ్మా, నువ్వు దొరికితే నా పట్టుచీర నీకే ఇస్త" అంది. (ఇంకా ఇవ్వలేదు. అడుగుతాను.) మీ చిన్నబాపు "అమ్మా సమ్మక్కా, మా పిల్లను సూపెట్టు, వచ్చే జాతరకు ఎత్తు బంగారం ఇస్తం" అని జర్మనీ గాలిలో మొక్కుకున్నాడు. ఇప్పుడు నా ఎత్తు బెల్లం తూచి ఇవ్వాలి, చిన్నబాపు నన్ను తక్కువ తినమంటున్నాడు. ఆ మేస్త్రీ, నువ్వు చెప్పిన పరంజా మీది ఆయన, "హెడ్డాఫీసూ" అని ఎంత ముద్దుగా పిలిచాడనుకున్నావు! వాళ్ల నోటికి ఆ మాట మనకంటే బాగా తిరిగింది.

నేను బండి దగ్గర ఒక ఐస్‌క్రీం తీసుకుని బెంచీ మీద కూర్చుని, సెట్టు చెవికి ఆనించుకుని విన్నాను. సినిమా హాల్లో కూడా నేను అంత ఇష్టంగా ఏదీ వినలేదు.

నువ్వు ఒట్టు పెట్టుకుని చెప్పడం లేదన్నావే, అది కూడా విన్నాను. మొదట మీ అన్న "హెడ్డాఫీసు" అని పిలిచాడు, అందరిలాగే. తర్వాత "ఓయ్" అన్నాడు. తర్వాత "ఇగో, ఏడున్నవే" అన్నాడు. పెళ్లైనప్పటి నుంచి నాకు ఉన్న పేర్లు అవే కదా, ఓయ్, ఇగో, ఏమే. కొట్లో వచ్చినవాళ్లతో "మా ఇంట్ల" అంటాడు. చుట్టాల ముందు "మహిపాల్ తల్లి" అంటాడు. నా పేరు ఆయన నోట పెళ్లినాడు పట్టుబట్టి చెప్పించినప్పుడు ఒక్కసారి వచ్చింది, అదీ సగమే.

ఆ రోజు గొంతు మారిపోయింది. "ఇందిరా" అన్నాడు. నేను ఐస్‌క్రీం తినడం ఆపాను. "ఇందిరా, ఓ ఇందిరా, పలుకే. నాకు పాణం పోతాంది. ఇందిరా, ఒక్కసారి పలుకు, మళ్ల జిందగీల ఆ మేడారం ముచ్చట ఎవలకు చెప్ప." అందరూ వినే లైన్లో, ఊరు ఊరంతా వింటుండగా, ఏడుస్తూ పిలిచాడు. ఎన్నిసార్లు పిలిచాడో నేను లెక్క పెట్టలేదు. ఐస్‌క్రీం అంతా కరిగి చీర మీద పడింది. నా కళ్లు ఎర్రబడింది బాధతో అనుకున్నావా? సంతోషంతో ఏడ్చాను పద్మా. నన్ను మర్చిపోలేదు. నేను లేనని వీళ్లకు తెలిసింది. టీ కప్పులు లెక్క పెట్టకుండానే తెలిసింది.

అప్పుడు జాలేసి పలికాను.

ఇది తప్పే, ఒప్పుకుంటాను. రాజశ్రీని ఏడిపించాను, నిన్ను ఏడిపించాను. కానీ పశ్చాత్తాపం కోసం రెండు వారాల నుంచి వెతుకుతున్నాను, దొరకడం లేదు. దొరికితే రాస్తాను.

ఇంకో కబురు. నిన్న నేను ఒక్కదాన్నే బస్సెక్కి హన్మకొండ పోయి చెప్పులు కొనుక్కుని వచ్చాను. సెట్టు ఇంట్లోనే పెట్టి పోయాను. వచ్చేసరికి మీ అన్న గల్లీ చివర నిలబడి ఉన్నాడు. ఏమిటంటే, "ఏం లేదు, గాలికి నిలబడ్డ" అన్నాడు. ఆ మూలన గాలి ఎప్పుడు వచ్చింది గనక!

ఇక్కడ కొట్లో ఒక సెట్టు, మేడ మీద నా దగ్గర ఒక సెట్టు పెట్టుకున్నాం. చాయ్ కావాలంటే మెట్ల కింద నుంచి అరవక్కర్లేకుండా. ఇదిగో, ఇది రాస్తుంటేనే పిలుస్తున్నాడు. "ఓయ్" అంటున్నాడు. నేను పలకలేదు. ఊరికి తిరిగి వచ్చాక మళ్లీ పాత పాటే మొదలుపెట్టాడు మరి. "ఇగో, వినపడ్తలేదా" అంటున్నాడు. వినబడుతోంది. ఎవరికి పనికొస్తుంది ఆ ఇగో?

"బ్యాటరీ అయిపోయిందా ఏంది" అని పక్కవాళ్లను అడుగుతున్నాడు. బ్యాటరీ నిండుగా ఉంది. కాసేపు ఆగు పద్మా, ఈ ఉత్తరం ఇప్పుడే ముగించను. మీ ఊళ్లో ఎండలెలా ఉన్నాయి? ఉమాకాంత్ అన్నకు నడుం నొప్పి తగ్గిందా? ఆ పక్కింటివాళ్లకు సకినాలు నచ్చాయా?

"ఇందిరా!"

చాయ్ పెట్టాలి, ఉంటాను.

నీ వదిన,
ఇందిర